ఉస్తాద్ చెవుల సంగతి నేను చెప్పేశాను

ఇరవై నాలుగేళ్ళప్పుడు నేను చిన్న ఇంజన్ల మెకానిక్‌ని కావాలనుకున్నాను. ఉద్యోగ పరీక్షలు రాసి రాసి విసిగిపోయి ఉన్నాను. కరెంటు కోతల కాలం. సికింద్రాబాద్‌లో ప్రతి దుకాణం మెట్ల మీదా ఒక చిన్న జనరేటర్ పొగ చిమ్ముతుండేది. చర్చి బడిలో మాస్టారైన నాన్న వద్దన్నా వినకుండా, బన్సీలాల్‌పేట్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పనిలో చేరాను.

ఆ ఇంజన్లు పెట్రోలుతో స్టార్టయి కిరోసిన్‌తో నడుస్తాయి. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు మార్చి కాసేపు నడపాలి. లేకపోతే మర్నాడు ఎంత తాడు లాగినా కదలవు. ఎనిమిది నెలల అనుభవం తర్వాత కూడా ఒకసారి ఆ సంగతి మరిచిపోయాను. మర్నాడు జిరాక్సు దుకాణం యజమాని తన జనరేటర్ కోసం వచ్చి నిలబడితే, ఉస్తాద్ చెమటలు కక్కుతూ తాడు లాగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏందిరా, మీ నాయిన బళ్ళె గంతమందికి చదువు చెప్తడు, నీకు ఒక్క ముక్క సుత ఎక్కలేదా? పో, చర్చిల బెంచీలు తుడుచుకోపో. గీ పని నీతోని కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వవలసి వచ్చినందుకు ఆయన్ని ఎన్నటికీ క్షమించకూడదనుకున్నాను. తప్పు నాదేనని తెలిసినా ఆ కసి తగ్గలేదు.

ఆయన్ని దెబ్బతీసే సంగతి ఒకటి నా దగ్గరుంది. అంతకు ముందెప్పుడో టీ తాగుతూ ఆయనే చెప్పాడు: "నాకు చెవులు ఇనరావురా. మూడేండ్లాయె. ఎవ్వలకు చెప్పకు బిడ్డా." ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట గ్రహించేవాడు. ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి రోగం కనిపెట్టేవాడు.

ఆయన దగ్గర పని మానేసి, అదే వీధిలో సగం షట్టరు అద్దెకు తీసుకుని సొంతంగా దుకాణం పెట్టి, ఉస్తాద్ గిరాకీలందరికీ చెప్పాను: "ఆయనకి రెండు చెవులూ వినపడవండీ. ఇంజన్ చప్పుడు వినలేనివాడు ఏం బాగుచేస్తాడు?"

మొదట వచ్చింది జిరాక్సు దుకాణం ఆయనే. జనరేటర్ స్టార్టవుతోంది కానీ, లైట్లు వెయ్యగానే ఆగిపోతోంది. అరగంట చెవి పెట్టి విన్నాను. ఏమీ తెలియలేదు. ఇంతలో దారినపోతున్న ఉస్తాద్ ఆగి, వంగి, ఇంజన్ పక్కన చెయ్యి పెట్టి చూశాడు.

"హెడ్డు కాడ గాలి పోతుందిరా. గ్యాస్కెట్ మార్చు," అన్నాడు మెల్లగా. అందులో ఎగతాళి లేదు.

"నిన్నెవరడిగారు? చెవిటివాడివి, నీకేం తెలుసు?" అన్నాను. పెదాలు స్పష్టంగా కనబడేలా, ఒక్కో మాటా విడివిడిగా అన్నాను.

ఉస్తాద్ జిరాక్సు ఆయన వైపు చూశాడు. జిరాక్సు ఆయన తల దించుకున్నాడు. ఉస్తాద్ చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు కలిగిన సంతోషం గురించి అబద్ధమాడను. అంత సంతోషం ఆ తర్వాత నా పెళ్ళిలో కూడా కలగలేదు.

గిరాకీ వెళ్ళిపోయాక హెడ్డు విప్పాను. హెడ్డు కింద గాలి పోకుండా వేసే పలుచటి అట్ట, గ్యాస్కెట్, ఒక మూల కాలిపోయి ఉంది. మార్చగానే ఇంజన్ లైట్లన్నీ లాగింది.

సాయంత్రం జిరాక్సు ఆయన అడిగాడు: "ఉస్తాద్ చెప్పిందేనా?"

"కాదండీ, కార్బొరేటర్. ఆయన చెప్పింది తప్పు," అన్నాను.

"నువ్వు పనోనివి భాయ్," అని భుజం తట్టి, ఆ మాట వీధంతా చెప్పాడు. రెండు నెలల్లో ఉస్తాద్ దుకాణం మూతబడింది. యాప్రాల్‌లో కొత్తగా కడుతున్న ఇళ్ళ దగ్గర కాపలాకు కుదిరాడని విన్నాను.

నా దుకాణం ఏడాది కూడా నిలవలేదు. తర్వాత ఆఫీసులో గుమాస్తాగా చేరాను. యాప్రాల్ బస్సు మా ఇంటి ముందు నుంచే పోయేది. ఎక్కి వెళ్ళి, ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా "నువ్వు చెప్పిందే నిజం" అనాల్సింది. ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆ చర్చి బెంచీల మాట గుర్తొచ్చి ప్రతిసారీ ఆగిపోయాను.