నిమ్మకాయలు తొక్కిన కొత్త షేపు కారు: కూర్మన్నపాలెం నుంచి ఆసీల్‌మెట్ట దాకా

కొత్త షేపులో వచ్చిన ఆ స్పోర్ట్స్ కారు మన ఊళ్లోకి దిగిందని తెలిసినప్పటి నుంచి దాన్ని ఒక్కసారి కళ్ళతో చూడాలని ఒకటే ఆత్రం. పాత షేపు వీడియోల్లో ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. కారు పేరు మాత్రం ఇక్కడ రాయను. వైజాగ్‌లో అది ఒక్కటే ఉంది. పేరు రాస్తే ఓనరు ఎవరో తెలిసిపోతుంది, ఓనరు తెలిస్తే ఆ రోజు అక్కడున్న నేనెవరో కనుక్కోవడం పెద్ద పని కాదు. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపు ఒకటి నా ఫోన్‌లో ఉంది. అందులో నాకు వేరే పేరు. అందరూ నన్ను అబ్బాయి అనుకుంటారు, నేనూ కాదనలేదు. ఆదివారం పొద్దున్నే కారుకి ఆసీల్‌మెట్ట దగ్గర వినాయకుడి గుడి ముందు పూజ చేయిస్తున్నారని, ఇష్టమున్నవాళ్ళు రావచ్చని ఆ గ్రూపులోనే మెసేజ్ వచ్చింది. ఈ ఊళ్లో సైకిల్ కొన్నా బస్సు కొన్నా మొదట అక్కడికే తీసుకెళ్తారు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నాన్న గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అమ్మది విజయనగరం దగ్గర పల్లెటూరు. నేను ఇంటర్ ఫస్టియర్, ఇంటి నుంచే కాలేజీకి వెళ్ళొస్తాను. అబద్ధం చెప్పి ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళినట్టు తెలిస్తే ఆ మర్నాడే హాస్టల్లో వేస్తానని నాన్న ఒకసారి చెప్పారు. ఆయన అరవరు. అరవకుండా చెప్పింది చేసేస్తారు. హాస్టల్ అంటే ఫోన్ ఉండదు, బయటికి పంపరు, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి స్టడీ అవర్లే. అయినా మా కాలేజీ మధురవాడ బ్రాంచిలో మాక్ టెస్ట్ ఉందని అమ్మకి చెప్పాను. నాన్నకి ఆ రోజు పొద్దుటి షిఫ్టు. ఆయన స్కూటర్ వెళ్ళిపోయాక నేను బయల్దేరాను. అమ్మ టిఫిన్ బాక్సులో పులిహోర పెట్టి ఇచ్చింది. అది దారి పొడుగునా బ్యాగులో వెచ్చగా వీపుకి తగులుతూనే ఉంది.

కూర్మన్నపాలెం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి సిటీ బస్సులు బాగానే ఉంటాయి. ఆదివారం పొద్దున్న కాబట్టి సీటు దొరికింది. గాజువాక, ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా గంటకి పైనే పడుతుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ ఉచితం. నేను మాత్రం డబ్బులు తీసి ఇచ్చాను. కార్డు తీస్తే నా పేరు, మా వీధి పేరు కండక్టర్ చూస్తాడని భయం. ఆయన నా వంక వింతగా చూశాడు.

"కార్డు మర్సిపోయినావేటమ్మా? ఊరికే ఎల్లాల్సిన దానికి డబ్బులిత్తన్నావు."

మర్చిపోయానని తలూపాను. ఆయన అక్కడితో ఆగలేదు. ఈసారి ఫోన్‌లో ఫొటో అయినా ఉంచుకోమని, మా ఇంటి దగ్గర స్టాపు ఏదని, చదువు ఏమిటని అడుగుతూ పోయాడు. పేరు దాచుకుందామని డబ్బు పెట్టి టికెట్ కొంటే బస్సులో సగం మంది నన్ను గుర్తుపెట్టుకునే పనయింది. మీరు అమ్మాయిలైతే కార్డు చూపించండి. ఎవరూ పేరు చదవరు.

కాంప్లెక్స్ దగ్గర దిగి ఆసీల్‌మెట్ట వైపు నడిస్తే గుడి దగ్గరే. తొమ్మిదింటికే రోడ్డు పక్కన కొత్త బండ్లు బారులు తీరి ఉన్నాయి. స్కూటర్లు, ఆటోలు, ఒక స్కూల్ బస్సు, వాటి మధ్య పసుపు రంగులో నేలకి అతుక్కున్నట్టు ఆ కారు. జనం ఎక్కువుంటే నన్నెవరూ పట్టించుకోరనుకుని వచ్చాను. మంచిరోజు కావడంతో ఊళ్లో బండి కొన్న ప్రతివాళ్ళూ అక్కడికే వస్తారన్న సంగతి ఆలోచించలేదు. పూల దుకాణం పక్కన నిలబడి, పూజకి వచ్చినదానిలా ఒక మూర మల్లెపూలు కొని చేతిలో పట్టుకున్నాను.

గ్రూపులో ఫొటోలు చూసినవాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. ఎక్కువ మాట్లాడింది ఇద్దరే. రమణది అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చేశాడు. శ్రీనుకి కారు అద్దాలకు ఫిల్ములు వేసే షాపు ఉంది. కారు వెనకాల చేరి ఇద్దరూ వాదించుకుంటున్నారు. వెనక గుండ్రటి లైట్లు తీసేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే గీతలా పెట్టారు. రమణకి అది నచ్చలేదు.

"పాత దాని ఎనక సూత్తే మొకం సూసినట్టుండేది బావా. దీన్ని సూత్తే ట్యూబులైటు కొన్నట్టుంది."

"నీకు నైట్ షిఫ్టుల్లో ట్యూబులైట్లు సూసి సూసి కళ్ళు పోయినాయి," అన్నాడు శ్రీను. "ఆ తుంటి సూడు, ఎంత ఎడల్పు సేసినాడో."

శ్రీను చెప్పింది నిజమే. ఫొటోల్లో తెలీదు గానీ వెనక చక్రాల మీద ఒంపు బాగా పెరిగింది. పక్క నుంచి చూస్తే కారు దూకడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. ముందు భాగం మాత్రం నాకూ నిరాశే. గాలి పోవడానికి పెద్ద నల్లటి రంధ్రాలు పెట్టేసరికి పాత కారులో ఉన్న నవ్వు మొహం పోయింది. ముక్కు కూడా ఇంకాస్త కిందికి దిగింది. స్టార్ట్ చేసినప్పుడు శబ్దం విన్నాను. పాతది గర్జించినట్టుంటే ఇది గొంతు సవరించుకున్నట్టుంది. ఇవన్నీ వాళ్ళతో చెప్పాలని నోటిదాకా వచ్చింది. నోరు తెరిస్తే గ్రూపులో అబ్బాయి పేరుతో ఉన్నది నేనేనని పట్టేస్తారని ఆగిపోయాను.

ఓనరు మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆయన. పూజారిగారు బానెట్ మీద స్వస్తిక్ వేయబోతే పెయింటు పాడవుతుందేమోనని గొణిగాడు. పక్కనే ఉన్న వాళ్ళమ్మగారు పళ్ళెం అందుకుని తనే గట్టిగా బొట్టు పెట్టేసింది. "దిష్టి తగిల్తే నీ పెయింటు అడ్డం పడతాదేటి" అందావిడ. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. హారతి అయ్యాక కారు ముందు కొబ్బరికాయ కొట్టమన్నారు. నీళ్ళు కారు మీద చిందుతాయని ఆయన మెల్లగా వేశాడు. కాయ పగల్లేదు. దొర్లుకుంటూ కారు ముక్కు కిందికి పోయింది.

కొత్త బండి ముందు కొట్టిన కాయ పగలకపోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. వాళ్ళమ్మగారి మొహం మాడిపోయింది. వెంటనే ఇంకో కాయ తెప్పించి, ఈసారి ఆవిడే కొట్టింది. చక్కగా రెండు ముక్కలైంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మొదటి కాయ మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తడం మంచిది కాదన్నట్టు అటు చూడను కూడా లేదు. ఓనరు కారెక్కాడు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. నేను నిలబడ్డ చోటు నుంచి ముక్కు కింద ఆ కాయ కనిపిస్తూనే ఉంది. ముందుకి కదిలితే కింది అంచు దాని మీదకెక్కి పగులుతుంది. ఎవరో ఒకరు చెప్తారని ఎదురు చూశాను. కారు కదిలింది.

"ఆపండి! కింద కాయ ఉంది!"

అది నా గొంతే. కారు ఆగింది. అందరూ నా వైపు తిరిగారు. అప్పటికే కాయ అంచుకీ రోడ్డుకీ మధ్య ఇరుక్కుంది. వెనక్కి తీయడానికి లేదు, ఒక కొత్త నాలుగు చక్రాల ట్రాలీ ఆటో ఆనుకుని ఉంది. ముక్కు పైకి లేపే బటన్ ఉంటుందిగా అని శ్రీను అన్నాడు. ఓనరు గేరు పక్కన వెతికాడు. పాత షేపులో అక్కడే ఉండేది. ఇక ఊరుకుని లాభం లేదని కిటికీ దగ్గరికి వెళ్ళి, అది ఇప్పుడు స్క్రీన్‌లోకి మారిందని, కారు బొమ్మ మీద నొక్కి రెండో పేజీకి వెళ్ళమని చెప్పాను. ముక్కు నెమ్మదిగా లేచింది. రమణ వంగి కాయ బయటికి లాగాడు. అంచు మీద గీత కూడా పడలేదు. కారు నాలుగు నిమ్మకాయలనీ తొక్కుకుంటూ ముందుకెళ్ళి ఆగింది.

రమణ కాయ చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. బటన్ స్క్రీన్‌లోకి పోయిందని మొన్న గ్రూపులో ఒక తమ్ముడు రాశాడని, ఆ మాట ఇంకెక్కడా చదవలేదని అన్నాడు. తర్వాత నన్నొకసారి పరీక్షగా చూశాడు.

"ఆ తమ్ముడివి నువ్వేనేటి?"

నేను జవాబు చెప్పేలోగా వెనక ట్రాలీ డోరు తీసిన చప్పుడైంది. "ఏటే గుంటా, నువ్విక్కడేటి సేత్తన్నావ్?"

మా పెద్ద మావయ్య, అమ్మకి అన్నయ్య. పూర్ణా మార్కెట్ నుంచి కూరగాయలు తోలతాడు. ఇన్నాళ్ళూ అద్దె బండి. ఆ ట్రాలీ ఆయనదే. మీ బండి పూజకే వచ్చాను మావయ్యా అన్నాను, చేతిలో మల్లెపూలు చూపిస్తూ. ఆయన కళ్ళు చిన్నవి చేశాడు.

"నాను బండి కొన్నట్టు మీ అమ్మకే సెప్పనేదు. సాయంత్రం గుమ్మంలో పెట్టి సూపిద్దామని దాసినాను. నీకెవులు సెప్పినారు?"

నా దగ్గర ఇంకో అబద్ధం లేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన పసుపు కారుని, నన్ను, రమణ చేతిలో కాయని వరసగా చూశాడు. అంతలో ఓనరు దిగి వచ్చి, ఒక్క నిమిషం కారులో కూర్చోమని నన్ను పిలిచాడు. నేను మావయ్య వైపు చూశాను. "కూకో. తిట్లెలాగూ తప్పవు, కూకోకండా తినడమెందుకు" అన్నాడు ఆయన.

కూర్చున్నాను. సీటు నేల మీద చాప పరిచినంత కిందికి ఉంది. స్టీరింగ్ పాతదానికన్నా చిన్నది, పట్టు బాగుంది. గుండ్రటి మీటర్లు పోయి మొత్తం స్క్రీన్ అయింది, అది నాకు నచ్చలేదు. తోలు వాసన, బయట నుంచి కర్పూరం వాసన. అద్దంలోంచి వెనక్కి చూస్తే మావయ్య తన ట్రాలీ చక్రాల కింద తనే వంగి నిమ్మకాయలు పెట్టుకుంటున్నాడు. దిగి వెళ్ళి మిగతా రెండూ నేను పెట్టాను.

తిరుగు ప్రయాణం ట్రాలీలోనే. ఎన్‌ఏడీ దగ్గర ఆపి పులిహోర ఇద్దరం తిన్నాం. గాజువాక దాటాక ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "మీ నాన్న అడిగితే నాను అబద్దం ఆడను. అడక్కపోతే సెప్పను. ఆ మద్దెన ఏటి సేసుకుంటావో నీ ఇట్టం."

మధ్యాహ్నం నాన్న షిఫ్టు దిగి వచ్చేసరికి బండి గుమ్మం ముందుంది. ఆయన చాలా సంతోషించారు. బండి చుట్టూ తిరిగి, టైర్లు తట్టి చూశారు. నన్ను మావయ్య దారిలో ఎక్కించుకొచ్చాడనుకున్నారు, ఏమీ అడగలేదు. నేను తప్పించుకున్నట్టే.

"ముందే చెప్పాల్సింది బావగారూ. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు మనవాళ్ళు ఒక్కళ్ళయినా లేకపోతే ఎలాగండీ" అన్నారు నాన్న. మావయ్య తల దించుకుని టైరు వంక చూస్తున్నాడు. చెప్పకూడదని తనే పట్టుబట్టిన మనిషికి ఆ మాట బాగా తగిలినట్టుంది.

"నేనున్నాను నాన్నా" అన్నాను.

నాన్న లెక్క వేసుకోవడం నాకు కనిపించింది. మధురవాడ ఎక్కడ, ఆసీల్‌మెట్ట ఎక్కడ. టెస్ట్ అక్కడ పెట్టారా అని అడిగారు. టెస్ట్ లేదని, పసుపు కారు చూడ్డానికి వెళ్ళానని, దాని ముక్కు కింద ఇరుక్కున్న కాయ సంగతీ చెప్పాను. అమ్మ చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది. నాన్న అరవలేదు. "చెప్పావు, మంచిదే. కానీ నేనూ ఒక మాట చెప్పాను కదమ్మా" అన్నారు. సోమవారం వెళ్ళి ఫీజు కట్టి వచ్చారు. మావయ్య రెండుసార్లు వచ్చి బతిమాలాడు, అమ్మ ఏడ్చింది. మాట మారలేదు.

నా పెట్టె, పరుపు, బకెట్టు ట్రాలీలో వేసుకుని హాస్టల్‌కి బయల్దేరాం. ముందు సీట్లో మావయ్య, నాన్న, మధ్యలో నేను. ఒక స్పీడు బ్రేకరు దగ్గర బండి ఎగిరాక, నాన్న బయటికి చూస్తూనే అడిగారు.

"ఆ కారు ముక్కు ఎంత లేస్తుందమ్మా?"

నాలుగు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ నాలుగు వేళ్ళ మందం కాసేపు చూశారు. "అంతే చాలా?" అన్నారు. చాలని చెప్పాను. హాస్టల్ గేటు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

నెల తర్వాత ఔటింగ్ ఇస్తే ఇంటికి వచ్చి, నా ఫోన్‌లో ఇది రాస్తున్నాను. గ్రూపులో రమణ నన్ను చెల్లీ అని పిలవడం మొదలుపెట్టాడు. కొత్త షేపు గురించి నా అభిప్రాయం అడిగితే పాతదే అందంగా ఉందని ఇప్పటికీ అంటాను. హాస్టల్ నేను భయపడినంత ఉంది, కొన్ని రోజులు ఇంకాస్త ఎక్కువే. ఆ కారు పగిలితే నాకేం పోయేది కాదు, ఊరుకుంటే ఇంట్లోనే ఉండేదాన్ని. రాత్రుళ్ళు అదే ఆలోచిస్తాను. కాయ కనిపిస్తూ ఉండగా ఊరుకున్న నన్ను ఊహించుకుందామంటే మాత్రం కుదరడం లేదు. మీలో ఎవరైనా ఇంత కిందికున్న బండికి పూజ చేయించబోతుంటే ఒక్క మాట: కొబ్బరికాయ బండి ముందు కాకుండా పక్కగా, గట్టిగా కొట్టండి. పగలకపోతే సిగ్గుపడకుండా వంగి, మొదట దాన్ని బయటికి తీయండి.