పెళ్ళిళ్ళ పేరమ్మ సంతకం

పెళ్ళిళ్ళ పేరమ్మ అంటే ఆ ఆసుపత్రిలో తెలియనివాళ్ళు లేరు. తీగలకు జతలు కుదురుస్తుందని టెలిఫోన్ ఆపరేటరు పెట్టిన పేరది. ఇరవై రెండేళ్ళుగా మూడంతస్తుల ఫోన్ లైన్లూ కంప్యూటర్ లైన్లూ ఆమె చేతి మీదుగానే నడిచాయి. పని రిజిస్టర్లో మాత్రం ప్రతి పేజీలోనూ సూపర్‌వైజర్ సంతకమే. ఆమె కాంట్రాక్టు మనిషి కనక సంతకం పెట్టకూడదట!

"పోనిద్దురూ, ఎవరు కలిపారో తీగకి తెలుసుగా" అని నవ్వేసేది. ఆ నవ్వే ఆమె కొంప ముంచబోయింది.

ఎక్స్‌రే గదికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. కొత్త ఇంజనీరు గోడలోని పాత కేబుల్‌కి రెండు కొసలా ప్లగ్గులు తనే బిగించాడు. కేబుల్‌లోని ఎనిమిది తీగలకూ టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వెలిగాయి. కానీ ఎక్స్‌రే బొమ్మ డాక్టరు గదికి చేరేసరికి ఆయన టీ చల్లారిపోతోంది.

"ఇది పాతకాలం క్యాట్ ఫైవ్ రకం కేబుల్. మొత్తం పీకేద్దాం" అన్నాడు ఇంజనీరు.

కేబుల్‌తోపాటు పేరమ్మనీ తీసేయమని పైనుంచి కాగితం వచ్చింది. రిజిస్టర్ తిరగేస్తే ఆమె చేసిన పని ఒక్కటీ కనబడలేదు మరి.

పేరమ్మ స్టూలెక్కి, ప్లగ్గును కళ్ళజోడు దగ్గరికి లాక్కుని చూసి పకపకా నవ్వింది.

"బాబూ, జతలన్నీ వరసగా పేర్చేశావా?"

"అవును. రెండు వైపులా ఒకేలా ఉన్నాయిగా!"

"అందుకే దీపాలు వెలిగాయి. మూడో పిన్నుకీ ఆరో పిన్నుకీ ఒకే జత పోవాలి నాయనా. నువ్వు ఒకరి మొగుణ్ణి ఇంకొకరి పెళ్ళాం పక్కన కూర్చోబెట్టావు. జతలోని రెండు తీగల్నీ కలిపి మెలేస్తేనే పక్కింటి గోల అంటకుండా ఉంటుంది. ఇప్పుడు కాపురాలన్నీ వీధిన పడ్డాయి!"

ప్లగ్గులు కోసి, కొసదాకా మెలిక విడిపోకుండా కొత్తవి బిగించింది. నిమిషంలో డాక్టరు గది నుంచి నర్సు ఫోను.

"అక్కా! వచ్చేసింది! పక్కటెముకలు లెక్కపెట్టచ్చు!"

సూపర్‌వైజర్ అలవాటుగా పెన్ను తీశాడు. ఇంజనీరు రిజిస్టర్ లాక్కుని పేరమ్మ ముందు పెట్టాడు.

"కాంట్రాక్టువాళ్ళు పెట్టకూడదండీ..."

"నా తప్పు దిద్దింది మీరా, ఆవిడా?"

పేరమ్మ మూడు గడులు నిండేలా సంతకం పెట్టింది. ఆమె అసలు పేరు చాలామందికి ఆ రోజే తెలిసింది. కేబుల్ బాగానే ఉందని ఇంజనీరు ఆ పేజీ నకలు జతచేసి పైకి రాశాడు. వారం తిరగకుండానే తీసేయమన్న కాగితం వెనక్కి పోయింది. కేబుల్ గోడలో ఉంది, పేరమ్మ స్టూలు మీద ఉంది.

మీ ఆఫీసు గోడల వెనకా ఎవరో ఇలా జతలు కలుపుతూనే ఉంటారు. రేపు వెళ్ళగానే రిజిస్టర్ తెరిపించండి. ఆ మనిషి పేరు లేకపోతే ఎందుకు లేదని అడగండి. రాసేదాకా కుర్చీలోంచి లేవకండి.