సారుకు రాని మా మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు. ఆదిలాబాద్ వైపు మా ఊళ్లో సగం ఇళ్లు అంతే. తెలుగు కొంత అర్థమయ్యేది గానీ నోటికి వచ్చేది కాదు. రెండో తరగతిలో ఏమడిగినా బిక్కమొహం వేసుకుని నిలబడేదాన్ని. పెద్దసారు మా బాపును పిలిపించి, ఈ మొద్దుకు చదువు అబ్బదు, పత్తి ఏరడానికి తీసుకుపొమ్మన్నాడు. బాపు సరేనన్నాడు. నేను ఏడ్చాను, అదీ మరాఠీలోనే, బడిలో ఎవరికి పట్టింది!

మర్నాడు బాపు నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన మా క్లాసు సారు అడ్డుపడ్డాడు.

"జర ఆగు అన్నా. గియ్యాల నీ బిడ్డనే సారు."

నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, మీ మాటలో నాకు పనులు చెప్పు అన్నాడు. తలుపు వేయమన్నాను. కిటికీ తెరిచాడు. నీళ్లు తెమ్మన్నాను. సుద్దముక్క తెచ్చిచ్చాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు, బాపు కూడా నవ్వాడు. సారు దిక్కుతోచక నిలబడ్డాడు. నాకే జాలేసి, చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకుపోయి మళ్లీ చెప్పాను. ఈసారి వేశాడు.

అప్పుడు బాపు వైపు తిరిగి, "మీ మాట నాకు రాలే. గంత మాత్రాన నేను మొద్దునా?" అన్నాడు.

బాపు ఒక్కడే చేనుకు పోయాడు. ఆనాటి నుంచి సారు ప్రతి పాఠాన్నీ ముందు మాలో రెండు భాషలూ వచ్చిన పిల్లలచేత మా మాటలో చెప్పించి, తర్వాత తెలుగులోకి తెచ్చేవాడు. నేను చదువుకున్నది ఆ పద్ధతి వల్లనే.

ఇప్పుడు కరీంనగర్‌లో నా మనవరాలి పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఎంత మంచి ఏర్పాటు! కానీ క్లాసులో తెలుగు పేజీ చూడకూడదట. ఇంగ్లిష్ రావాలి, నేను కాదనను. అర్థం కాకుండా బట్టీపడితే ఏ భాష వస్తుంది? అడగడానికి బడికి పోతే, పాప కొంచెం వీక్ అన్నాడు వాళ్ల సారు. నా ఒళ్లు మండింది.

"గా పేజీ జర సూడనియ్యుండ్రి సార్" అన్నాను.

"అమ్మా, తల్లిదండ్రులే వద్దంటున్నరు" అన్నాడాయన. ఆ వద్దన్నవాళ్లలో నా కొడుకూ ఉన్నాడు.

చిన్నప్పుడు సారు కుర్చీలో కూర్చున్న రోజు నాకు అబ్బిన బుద్ధి ఒకటుంది. నోరు విప్పని పిల్ల కనిపిస్తే, ముందు ఎదురుగా ఉన్న పెద్దవాళ్లనే అనుమానిస్తాను. ఇప్పుడు ఆ పెద్దవాడు నా కొడుకు. వాడితో నా పోట్లాట ఇంకా తెగలేదు.