దప్పికకు పూసే చెట్లు: కర్నూలు నుంచి కమలాపురం దాకా

"ఈసారి పూత రాకపోతే మీ బావ తోట కొట్టేస్తాడంటరా. ఆదివారం వచ్చిపో. పూతైనా చూస్తావు, మొద్దులైనా చూస్తావు" అని అక్క ఫోన్ చేసింది. రెండింట్లో ఏదైనా చూడదగ్గదే కాబట్టి బయల్దేరాను.

మా అక్కవాళ్లకు కమలాపురం దగ్గర చీనీ తోట ఉంది. బయటి ఊళ్లవాళ్లు బత్తాయి అంటారు. నేను కర్నూలులో ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. ప్రమాదాన్ని తట్టుకోవడం ప్రాణులు ఎట్లా నేర్చుకుంటూ వచ్చాయో ఆ వారమే పాఠం చెప్పాను. పిల్లలు శ్రద్ధగా నిద్రపోయారు.

చీనీ చెట్టు బాగా పూయాలంటే దాన్ని ముందు భయపెట్టాలి. చలికాలంలో కొన్ని వారాలు నీళ్లు ఆపి వాడబెడతారు. ఆకులు ముడుచుకుని, కొన్ని రాలి, ఇక చస్తుందేమో అనిపించాక ఎరువేసి నీళ్లు వదుల్తారు. అప్పుడు పూత వస్తుంది. పోయినేడు బావ చూడలేక మధ్యలోనే మోటారు వేశాడు. ఆకులు వచ్చాయి, పూలు రాలేదు. ఈ ఏడు అక్క మోటారు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మంగళసూత్రానికి కట్టుకుంది. దాన్ని బావ అంత భక్తిగా చూడటం పెళ్లయ్యాక ఇదే మొదలట. నీళ్లు వదిలి రెండు వారాలు దాటింది. ఇప్పుడు తేలాలి.

పొద్దున ఆరుకు కర్నూలు బస్టాండులో బొరుగుల ఉగ్గాని, బజ్జి తిని కడప బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ దాటాం. చాగలమర్రి దాటాక గొర్రెల మంద అడ్డమొచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. గొర్రెలన్నీ ఒకేసారి పక్కకు దూకాయి, నేనూ దూకాను.

"ఏమప్పా, వచ్చి నా ఒళ్లో కూర్చుంటివే!" అన్నాడు పక్క సీటు పెద్దాయన.

"ఎగిరింది నేను కాదు పెద్దాయనా, మా ముత్తాతల ముత్తాత. ఆయన చేప."

"చేపనా? మీది యా ఊరప్పా?"

నాకు హుషారొచ్చింది. ప్రమాదం రాగానే గుండె దడదడా కొట్టించే రసాయనం చేపలో, కప్పలో, ఆ గొర్రెలో, నాలో దాదాపు ఒకటేనని చెప్పాను. ఆయన ఆలోచించాడు. "మా దూడ గోనెసంచిని చూసినా ఉరుకుతాది. దానికి బుద్ధి లేదనుకుంటి."

"శానా ఉంది. సంచికి భయపడి పదిసార్లు ఉరికితే పోయేది కాస్త మేత. చిరుతపులికి ఒక్కసారి ఉరక్కపోతే దూడే పోతుంది. ఊరికే ఉరికినవాళ్ల పిల్లలమే మనమంతా."

"నా పెండ్లిలో నాకూ ఉరకల్లనిపించింది. యాలనో ఉరకలేదు."

"కొన్ని ప్రాణులు భయమేస్తే బిగుసుకుపోతాయి కూడా" అన్నాను. ఆయన మైదుకూరులో దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

పదకొండున్నరకు కడప. కారం దోసె తిని, కళ్లు తుడుచుకుని, ఇంకో బస్సెక్కి ఒంటిగంట లోపల కమలాపురంలో దిగాను. బావ బైకు తెచ్చాడు. తోటకు పోగానే చేయి పట్టుకుని మోటారు కొట్టం పక్క చెట్టు దగ్గరికి లాక్కుపోయాడు.

"చూడు బామ్మర్దీ, ఎంత కళగా ఉండాదో!"

నిజమే. పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. అక్క వచ్చి వాసన చూసింది. "ఈ పాదులో సబ్బు వాసన ఏందయ్యా?"

బావ నేల చూశాడు. "నీళ్లు కట్టలేదు. స్నానం చేసినా. చెట్టు కింద స్నానం చేసేది కూడా తప్పేనా?"

"వాడబెట్టినప్పుడు కూడా దినామూనా?"

"శుభ్రం ఉండొద్దా మనిషికి?"

కొమ్మ కొమ్మా తిప్పి చూశాను. అన్నీ ఆకులే. ఒక్క మొగ్గ లేదు. బావ ముఖం వాడిపోయింది. "అన్నీ ఇంతేలే. రేపే రంపమోళ్లను పిలుస్తా."

అక్క లోపలి సాళ్లలోకి నడిచింది. అక్కడి చెట్లు సగం ఆకు రాల్చి పుల్లల్లా నిలబడ్డాయి. నా గుండె బస్సులోకంటే గట్టిగా కొట్టుకుంటోంది. అక్క ఒక కొమ్మ వంచింది. కొనన బియ్యపు గింజంత తెల్లటి మొగ్గలు, గుత్తులుగా! పక్క కొమ్మకూ ఉన్నాయి. పక్క చెట్టుకూ. నేను కేక పెట్టాను. ఆ కేకకు పక్క చేలో కొంగలన్నీ లేచి ఎగిరిపోయాయి.

ఆ చెట్టు ముందు నిలబడితే మొన్నటి పాఠం నాకే కొత్తగా అర్థమైంది. చెట్టు ఉరకలేదు. ఆకుల రంధ్రాలు మూసుకుని, ఉన్న తడి దాచుకుని ఓర్చుకుంటుంది. నీళ్లు రాగానే, మళ్లీ వస్తాయో రావోనన్నట్టు ముందు విత్తనం దారి చూసుకుంటుంది. ఇంకా వింత ఏమిటంటే, దెబ్బ తగిలినప్పుడు ఒంట్లో చెదిరిన ప్రోటీన్లను సర్దిపెట్టే ఏర్పాటు బాక్టీరియాకూ, చీనీ చెట్టుకూ, మా బావకూ ఒకే పాతకాలపు ఆస్తి. బావ వాటా ఆ పూట చాలినట్టు లేదు. పాదులో కూలబడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"కంట్లో దుమ్ము పడింది."

"రెండు కళ్లలోనా బావా?"

"నోరు ముయ్‌రా" అంది అక్క. ఆమె కళ్లలోనూ పడినట్టుంది.

సంగటి, కోడిపులుసు తిని సాయంత్రం బస్సుకు బయల్దేరాను. మీరు చూడాలనుకుంటే ఫిబ్రవరిలో రండి. మొగ్గ కనబడ్డాక ఇంకో వారం ఆగి వస్తే తోట కనిపించకముందే వాసన ఎదురొస్తుందట. కర్నూలులో పొద్దున్నే బయల్దేరితే ఒక్క రోజులో తిరిగి రావచ్చు.

ఈ ప్రయాణంలో తేలింది ఒకటే: తన కష్టానికి ప్రతి ప్రాణీ ఏదో ఒక ఉపాయం నేర్చుకుంది. ఎదుటి ప్రాణి దప్పికను చూస్తూ ఊరుకునే ఉపాయం మాత్రం మా బావకు ఇంకా అబ్బలేదు. బస్సు కిటికీ దగ్గర నిలబడి ఆయనే అన్నాడు: "వచ్చే ఏడు వాడబెట్టే దినాల్లో నేను ఈడ ఉండను బామ్మర్దీ. మీ ఇంటికొస్తా."

"ఎన్ని దినాలు బావా?"

"మళ్లీ నీళ్లు వదిలేదాకా."

తమాషాకు అంటున్నాడేమోనని ముఖం చూశాను. కాదు. రమ్మన్నాను. ఇంట్లోకి ఇంకో చాప కొనాలి.