నేను వద్దన్న అబ్బాయి వాళ్లమ్మ

సంతోష్‌నగర్‌లో మాది పాల దుకాణం. ఇంటి వెనకే బర్రెల కొట్టం. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ముందు ముక్కు మూసుకుని, తర్వాత నన్ను చూసేవాళ్లు.

ఆ రోజు వచ్చినతను బస్ డిపోలో క్లర్కు. మాట్లాడుకోమని మమ్మల్ని డాబా మీదికి పంపారు. అతను కొట్టం వైపు తొంగి చూసి, "పెండ్లయినంక మీరు ఈ బర్రెల దిక్కు రావొద్దు. నాకు వాసన పడది," అన్నాడు.

నేను కిందికి వచ్చి అందరి ముందే ఈ సంబంధం వద్దని చెప్పేశాను. అమ్మ మొహం మాడిపోయింది. బాపు గొంతు సవరించుకున్నాడు. అతని తల్లి మాత్రం పెరుగువడ తినడం ఆపలేదు.

"ఏమన్నడు మావోడు?" అని అడిగింది. చెప్పాను.

"గట్లనే అంటడు. నీ తప్పేం లేదు బిడ్డా. ఇంకో వడ ఎయ్యి."

మరునాడు పొద్దున్నే ఆవిడ గిన్నె పట్టుకుని మా దుకాణం ముందు నిలబడింది. సంబంధం పోతే పోయింది గానీ అంత మంచి పెరుగు వదులుకోలేనంది. ఇక రోజూ వచ్చేది. స్కూటర్ మీద దింపే కొడుకు మాత్రం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వీధి మలుపులోనే ఆగిపోయేవాడు. మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది. తర్వాత ఆవిడ రాని రోజు తోచేది కాదు.

"ఫికర్ చెయ్యకు. నీకు పిలగాణ్ని నేనే సూస్త," అందొక రోజు.

అన్నట్టే చూసింది. ఒకతనికి కోపమెక్కువని తనే వద్దంది. ఇంకొకతను ఫోన్‌లోంచి తలెత్తకపోతే, సగం చాయ్‌లోనే లేపి పంపేసింది.

చివరికి పత్తర్‌గట్టిలో చీరల దుకాణంలో పనిచేసే అతన్ని తీసుకొచ్చింది. డాబా మీదికి రాగానే అతనికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. బర్రెల వాసన ఫరవాలేదా అని అడిగాను. "ఫర... ఫర..." దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు. నేను నవ్వు ఆపుకోలేక పిట్టగోడ పట్టుకుని కూర్చున్నాను. అతనూ నవ్వాడు. కిందికి దిగి సరేనన్నాను.

పెళ్లిలో ఆవిడ కొడుకు మా చుట్టాలకు దగ్గరుండి వడ్డించాడు. అప్పగింతలప్పుడు అమ్మ కంటే ఆవిడే ఎక్కువ ఏడ్చింది. మా ఆడబిడ్డ నా చెవిలో, "ఆమె మీకేమైతది?" అని అడిగింది.

"మస్తు దగ్గరోళ్లు," అన్నాను.