కోస్గి అంగడిలో నర్సింగమ్మ గొంతు

కోస్గి అంగడిలో నర్సింగమ్మ టమాటలు అమ్ముతుంటే బస్టాండులో కునుకు తీసే డ్రైవరు ఉలిక్కిపడి లేచేవాడు. అంత గొంతు. దాన్ని ఆమె టమాటల కంటే ఎక్కువగా పక్కన వంకాయలమ్మే గుర్వమ్మ మీదే ఖర్చుపెట్టేది. తగవంతా జానెడు జాగా గురించి. వారం వారం ప్రతి అంగడికీ గుర్వమ్మ గోనెపట్టా ఇటు పాకేది, నర్సింగమ్మ తిట్లతో దాన్ని అటు తరిమేది. ఏమీ కొనకపోయినా వినడానికి ఆగేవాళ్లుండేవారు.

అలాంటి గొంతు ఒక ఎండాకాలం బొంగురుపోయి, చివరికి గాలి తీసిన టైరులా బుస్సుమంది.

"ఎల్లమ్మకు మొక్కుకున్న. తల్లి ఇన్నది," అని గుర్వమ్మ అందరికీ చెప్పుకుంది.

నర్సింగమ్మను కోడలు సుమన పాలమూరులో గొంతు డాక్టరుకు చూపించింది. ఆయన స్కానింగు రాశాడు. తప్పు గొంతుది కాదు. గుండె నుంచి బయల్దేరిన పెద్ద రక్తనాళం ఛాతీలో వంపు తిరిగేచోట వంకాయంత ఉబ్బి, గొంతుకు పోయే నరాన్ని నొక్కుతోంది. పగిలితే మనిషి దక్కదు.

"వంకాయంతనా," నర్సింగమ్మ బుసకొట్టింది. "అంటె గుర్వమ్మ లోపలికి గూడ జరిగింది."

హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ ఛాతీ కోయనక్కర్లేదంది. తొడ దగ్గర రక్తనాళంలోంచి, సన్నని తీగ వెంట, మడిచిన గుడ్డగొట్టాన్ని పైకి పంపుతారట. ఉబ్బిన చోట అది విచ్చుకుంటే, రక్తం గొట్టంలోంచే పోతుందట.

"రోగం రొమ్ముల, రంధ్రం తొడల. ఎవలకు చూపెట్టుకోవాలె? మరి గొంతు?"

"రావచ్చు, రాకపోవచ్చు. ముందు ప్రాణం కదమ్మా. ఇకమీదట అరవొద్దు, బీపీ పెరుగుతుంది."

"అరవకుంటె గా పానంతోటి ఏం జేస్కోను బిడ్డా?"

"ముందుగాల బతుకత్తా," అంది సుమన. "తిట్లు తర్వాత సూస్కుందం."

గొట్టం కుదురుగా కూర్చుంది. పలకరించడానికొచ్చిన వాళ్లు కుట్లు చూపించమన్నారు. చూపించే చోటు కాదాయె. సగం మంది ఆపరేషనే అబద్ధమన్నారు. వాళ్లకు జవాబు చెప్పే గొంతు మాత్రం రాలేదు. పొద్దున లేవగానే కోడల్ని ఒక తిట్టు తిట్టి చూసుకునేది. గాలే వచ్చేది. "ఏమన్నవత్తా?" అని సుమన మర్యాదగా అడిగితే ఇంకా మండేది.

డాక్టరమ్మ సరేనన్నాక అంగడికి పోయింది. గుర్వమ్మ పట్టా జానెడు కాదు, మొత్తం జాగా మింగేసి ఉంది. నర్సింగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, ఇన్నాళ్లూ దాచిన తిట్లన్నీ వదిలింది. పక్కనున్న మేక కూడా తలెత్తలేదు.

గుర్వమ్మ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏందే? ఒక్క ముక్క ఇనవడ్తలేదు."

నర్సింగమ్మ మళ్లీ తిట్టింది.

"ఊహూఁ." గుర్వమ్మ వంకాయల గంప ఎత్తి అవతల పెట్టి, పట్టాను జానెడు కంటే ఎక్కువే తన వైపు లాక్కుంది. "ఈడ కూసో. దగ్గర కూసొని తిట్టు."

నర్సింగమ్మ కూర్చుని, మొదటి నుంచి మొదలుపెట్టింది.