మేం తిరగని ఎనిమిదో రౌండు

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ తర్వాతే ఒక్కొక్కటీ తెలియకుండా పోవడం మొదలవుతుంది. ఆ రోజుల్లో నేను ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ట్రైనీని. కుడివైపు తలుపుకు రెండు బోల్టులు బిగించడం నా పని. (ఎడమవైపు తలుపు ఇంకొకరిది, దాని గురించి నన్ను అడగకండి.) అయినా షిఫ్టు దిగి, యూనిఫారం విప్పకుండా పెనుకొండలో టీ కొట్టు ముందు నిలబడ్డానంటే, కారును కనిపెట్టింది నేనే అన్నట్టు మాట్లాడేవాణ్ణి. దానికి తోడు ఫోన్లో కారు రేసులు చూసే జబ్బొకటి పట్టుకుంది. వాటిలో కారు తోలేవాడు నా కంటికి ఆనేవాడు కాదు. గోడ పక్కన కుర్చీలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఇప్పుడు ఆగు, ఇప్పుడు పో అని చెప్పేవాడే నా దేవుడు.

అలాంటి నా చేతికి మా చిన్నాయన చిక్కాడు. నాయనకు తమ్ముడు, బస్టాండు నుంచి పల్లెలకు షేర్ ఆటో తోలేవాడు. ఆ ఆటోకున్న మూడు టైర్లూ గుండు కొట్టించినట్టు నున్నగా ఉండేవి. నెలాఖరుకు ఎఫ్‌సి, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే సర్టిఫికెట్, చేయించాలి. ఆ టైర్లతో పోతే ఆర్టీఓ ఆఫీసులో గేటు దాటనివ్వరు. ఎఫ్‌సి లేకపోతే ఆటో నిలబడిపోతుంది, ఆటోతో పాటు ఇల్లూ నిలబడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఊరి బయట వెంచర్ వేసినవాళ్లు ప్లాట్లు కొనే జనాన్ని రప్పించడానికి ఆటో పందాలు పెట్టారు. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం మూడు చోట్లా వాళ్ల వెంచర్లే కాబట్టి మూడు చోట్లా పందాలే. సీజన్‌లో తొలి పందెం మా ఊళ్లో. ఇల్లన్నది ఒక్కటీ లేదు కానీ నల్లటి తారు రోడ్లు మాత్రం వేసి పెట్టారు. గెలిచినవాడికి కొత్త టైర్లు మూడు. "నువ్వు తోలు చిన్నాయనా, బుర్ర నేను పెడతా" అన్నాను. ఆయన నా యూనిఫారం వైపొకసారి చూసి నమ్మేశాడు.

క్వాలిఫయింగ్ పొద్దున్నే పెట్టారు. ఒక్కో ఆటో ఒంటరిగా ఒక రౌండు తిరగాలి, తక్కువ టైములో వచ్చినవాడు మధ్యాహ్నం పందెంలో అందరికంటే ముందు నిలబడతాడు. చిన్నాయన ఫస్టు వచ్చాడు! ధర్మవరం నుంచి వచ్చిన 'రాకెట్' (ఆటో వెనక అలా రాయించుకున్నాడు) రెండో స్థానం. నేను ఎగిరి గంతేస్తుంటే చిన్నాయన మాత్రం తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, "దీన్లో ఏముండాదిరా, ఖాళీ ఆటో కదా! స్టాండులో వరసకు ముందు పోవల్లంటే ఖాళీగా ఉన్నప్పుడే గదా ఉరికేది" అన్నాడు. ఆ మాట చెవిన పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ నేనప్పటికే టీ కొట్టువాడి దగ్గర కాగితం అడుక్కుని బాణం గుర్తులు గీస్తున్నాను.

"మొదటి నాలుగు రౌండ్లు టైర్లు కాపాడుకోవల్ల చిన్నాయనా, ఆఖరి నాలుగు రౌండ్లలో వాడుకోవల్ల."

"కాపాడేదానికి ఆడ ఏం మిగిలుండాదిరా?"

"స్ట్రాటజీ చెప్తాంటే అడ్డం మాట్లాడొద్దు."

మధ్యాహ్నానికి జాతరలా జనం. బరువు కోసం ప్రతి ఆటోలో వెనక ఒక మనిషి ఉండాలని రూలు, కాబట్టి నేను కాగితంతో సహా ఎక్కి కూర్చున్నాను. జెండా ఊపారు. మేమే ముందు! మొదటి మలుపులో జనం మమ్మల్ని చూసి చేతులెత్తి కేకలేశారు. చెయ్యెత్తిన మనిషిని ఏనాడూ దాటిపోని కాలు అది, బ్రేకు మీద పడనే పడింది. "యాడికప్పా?" అన్నాడు చిన్నాయన మర్యాదగా. "ఎవురూ రారు, పోనీ!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి పోనిచ్చాడు. యాభై అడుగులు పోగానే ఇంకో చెయ్యి, ఇంకో బ్రేకు. ఇక మా పని అయిపోయిందని వెనక్కి తిరిగి చూద్దును కదా, మాతో పందెంలో దిగిన ఎనిమిది ఆటోలూ ఎనిమిది చోట్ల ఆగి ఉన్నాయి. హిందూపురం ఆటో ఆయన "బన్నీ, రాండి, బన్నీ" అని కన్నడంలోనూ తెలుగులోనూ పిలుస్తున్నాడు. రాకెట్ అయితే కిందికి దిగి సామాన్లు కూడా సర్దుతున్నాడు.

జనానికి కూడా సంతోషమే. ప్లాట్లు చూపించడానికి వెంచర్ వాళ్లే ఆటోలు పెట్టించారనుకుని ఎక్కేశారు. నాలుగో రౌండుకు మా ఆటోలో తొమ్మిది మందిమి. స్ట్రాటజీ పెద్దనైన నేను డ్రైవరు సీటు అంచున అర పిర్రతో వేలాడుతున్నాను. నా కాగితం ఒక పిల్లవాడి చేతిలో బొరుగుల పొట్లం అయింది. "తూర్పు ముఖం ప్లాట్లు యాడుండాయప్పా?" అని ఒకాయన నా భుజం తడుతున్నాడు. మైకులో ఎవరు ముందో, ఎవరు వెనకో చెప్పలేక పాటలు పెట్టేశారు.

ఏడో రౌండు మొదట్లో గంపతో ఒక అవ్వ చెయ్యెత్తింది. "ధర్మవరం రైలుకు పోవల్ల నాయనా. నా కూతురు కాన్పుకని ఆస్పత్రిలో చేరుండాది. బిన్నే పో సామీ" అంది. చిన్నాయన మొహం మారిపోయింది. "దిగండప్పా, అందరూ దిగండి, అర్జెంటు కేసు!" అని నన్నూ అవ్వనూ తప్ప అందరినీ దించేశాడు. ఆ తర్వాత తోలాడు చూడండి! ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఆగిన ఆటోలన్నిటినీ దాటుకుని, రాకెట్‌ను కూడా దాటుకుని, ఏడో రౌండు పూర్తయ్యేసరికి మేమే ముందున్నాం. ఇంకొక్క రౌండు. టైర్లు మావే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నాయన గీత దాటాడు, ఎడమకు తిప్పాడు, గేటులోంచి స్టేషన్ రోడ్డెక్కాడు.

"చిన్నాయనా! ఇంగొక్క రౌండుండాది! అవ్వను ఈడ్నే దింపెయ్! దింపెయ్!" అని గొంతు చించుకున్నాను. అవ్వ నన్ను జాలిగా చూసి, గంప పక్కకు జరిపి, "కడుపు నొప్పా అప్పా? ఇట్ల కూసో" అంది.

స్టేషన్లో తెలిసింది, రైలు గంట లేటు. నేను నేల మీద కూలబడి, "రెండు నిమిషాల పని! మూడు టైర్లు!" అని ఏడ్చాను. చిన్నాయన అవ్వ గంపను బెంచీ మీద పెట్టి వచ్చి, "లేటని మనకేం తెలుసురా? ఆయమ్మకేం తెలుసు?" అన్నాడు, అంతే. మేం తిరిగొచ్చేసరికి రాకెట్ కొత్త టైర్లను ఆటో మీదికి ఎక్కిస్తున్నాడు. చిన్నాయన క్వాలిఫయింగ్‌లో ఫస్టు వచ్చిన కాగితాన్ని అద్దానికి అతికించుకుని ఎఫ్‌సికి పోయాడు. అక్కడి సారు కాగితం చూసి, టైర్లు చూసి, "వీటితోనా?" అని ఆశ్చర్యపోయి మరీ ఫెయిల్ చేశాడు. నెల రోజులు ఆటో ఇంటి ముందే ఉంది. చిన్నాయన శెనక్కాయ చేనులో కూలికి పోయాడు. చివరికి రెండు టైర్లు నా జీతంతో వచ్చాయి, మూడోది నాయన ఇప్పించాడు. పిల్లోడికి చిన్నాయనంటే ఎంత ప్రేమో అన్నారు అందరూ. ప్రేమ కాదు, సిగ్గు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

చిన్నాయనకు కూడా తెలుసేమో. పందెం ముచ్చట వచ్చినప్పుడల్లా, గెలిచే ఆటోను గేటు బయటికి ఎందుకు తిప్పావని ఎవరైనా నవ్వితే, ఆయన నా వైపు చూపించి, "నాదేముండాది, మావోడే చెప్పినాడు, రైలు టైమైతాంది పోనీ చిన్నాయనా అని" అంటాడు, ఇప్పటికీ. వాళ్లంతా నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. నేను తల వంచుకుని, ఎంతో వినయంగా, టీ తాగుతూ ఉంటాను.